తల్లిపన మోసిన ఏడు

నన్ను నోటిదురుసు మనిషంటారు మా ఊళ్ళో. నిజమే. బుద్ధెరిగాక నాలుక మీదికొచ్చిన తిట్టుని నేను మింగింది ఒకే ఒక్క పూట. ఆ పూట సంగతి చెప్పాలంటే ఆ ఏటి కోతల దగ్గర్నుంచీ రావాలి.

మమ్మల్ని ఏలిన డచ్చివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయి అప్పటికి పదేళ్ళు కాలేదు. కొండ మీద అడవిలో తుపాకుల మూక, కొండ కింద రోడ్డు మీద సైన్యం, మధ్యలో మేము. మూకకి వరి పెడితే సైన్యం తన్నేది. పెట్టకపోతే మూక ఇళ్ళు తగలబెట్టేది. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆ బతుకులోనూ వరి మాత్రం ఆ ఏడు విరగపండింది, వెన్నులు బరువుకి నేలకి వాలాయి.

కోత మొదలైన రోజు అమ్మా నేనూ పక్కపక్కన కోస్తున్నాం. మాకు కొడవలి పనికిరాదు. గుప్పిట్లో ఇమిడిపోయే చిన్న కత్తి, వేళ్ళ సందులోంచి గోరంత ఇనుము బయటికొస్తుంది, అంతే. ఒక్కో వెన్నునీ నిమిరినట్టు కొయ్యాలి. మా వరిదేవత పొహాచి తల్లి వరిలోనే ఉంటుంది, ఇనుము కంటబడితే బెదిరి వెళ్ళిపోతుంది. అందుకే దాచి కోస్తాం. పని అయ్యాక కత్తిని కొప్పులో గుచ్చుకుంటాం.

"ఈ ఏడు తల్లిపన నువ్వు మొయ్యవే," అంది అమ్మ, తలెత్తకుండా.

నేను నడుం నిటారు చేశాను. తల్లిపనంటే ఆ ఏడు మొట్టమొదట కోసి కట్టిన కట్ట. పండగనాడు అది ముందుగా గుంజల మీద కట్టిన పెద్దగాదెకి ఎక్కాలి, ఊరి వరంతా దాని వెనకాలే. మళ్ళీ విత్తులు చల్లేటప్పుడు ప్రతి ఇంటి విత్తనంలోనూ దాని గింజలు కలవాలి. దాన్ని మోసేది మా ఇంటి ఆడవాళ్ళే. అమ్మమ్మ మోసింది, అమ్మ ముప్ఫయ్యేళ్ళు మోసింది. నేను నడక నేర్చిన దగ్గర్నుంచీ అరటిబోదెని ఎత్తుకుని ఆ ఆటే ఆడాను.

"నిజంగానా అమ్మా?"

"కళ్ళు మసకేశాయి. గాదె నిచ్చెన ఒక మెట్టు రెండుగా కనబడుతోంది. పన పట్టుకుని పడ్డానంటే ఊరికే అరిష్టం. నీతోనూ ఒకటే భయం నాకు."

"ఏంటో?"

"పన చేతికొచ్చాక గాదె తలుపు పడేదాకా ఊరు ఊరంతా ఉలక్కూడదు, పలక్కూడదు. నీ నోటికీ దానికీ ఎలా కుదురుతుందా అని."

పక్క మడిలోంచి ఒనీ పిన్ని పగలబడి నవ్వింది. "పండగపూట దాని నోట్లో ఆకూ వక్కా కుక్కి పంపించక్కా!"

"నీ నోట్లో కుక్కుకో పిన్నీ, ఊరు ఏడాది పొడుగునా చల్లగా ఉంటుంది."

అందరం నవ్వుతూ ఉండగానే ఏటి అవతల తుపాకులు పేలాయి. చూస్తుండగా పసిరావి పల్లె మీద పొగ లేచింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒకావిడ ఏరు దాటి మా మళ్ళలోకి వచ్చింది. జుట్టు సగం కాలి ఉంది. చంకలో చాపచుట్ట. పిల్లేమో అని అమ్మ అందుకుంది. పిల్లే. ప్రాణం లేదు.

మా నాన్న సాలిం అడిగాడు. "ఎవరు తల్లీ చేసింది?"

"మదారి," అందావిడ. "ముప్ఫై పనలు అడిగాడు. ఇరవై ఇచ్చాం."

మళ్ళలో ఒక్కరూ నా వైపు చూడలేదు. ఎందుకు చూస్తారు, పాపం! మదారి నా మొగుడు. రెండేళ్ళు వాడితో కాపురం చేశాను. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకుని విడిపోయాం. ఆ మర్నాడే మచ్చుకత్తి భుజాన వేసుకుని అడవికెళ్ళి ఆ మూకలో కలిశాడు. వాణ్ణి అడవికి తరిమింది నా నోరేనని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకుని ఏడ్చాను. ఆ చాపచుట్ట చూశాక ఏడవడం మానేశాను.

కోసిన వరి దండేలకెక్కింది. వెదురు దండేల మీద పనలు తలకిందులుగా నెల రోజులు ఎండాలి. పచ్చి పన గాదెకెక్కితే బూజు పడుతుంది. ఆ నెలరోజులూ మా ఏడాది తిండి అంతా బయటే, అందరి కళ్ళ ముందే ఉంటుంది.

మూక కన్నా ముందు సైన్యం వచ్చింది. ఒక సార్జెంటు, ఎనిమిదిమంది జవాన్లు.

"రేపటికల్లా వరంతా కింద శిబిరానికి దింపండి," అన్నాడు సార్జెంటు. "ఇక్కడుంటే అడవిలోవాళ్ళు తింటారు."

"పచ్చిది బాబూ," అన్నాడు నాన్న. "ఎండాక పండగ చేసి గాదెకెక్కిస్తాం. గాదెకి ఎక్కకుండా వరి ఊరు దాటకూడదు."

"ఎవరు చెప్పారు?"

"మా తాతలు."

"మీ తాతల్ని పిలువు, వాళ్ళతోనే మాట్లాడతాను."

జవాన్లు నవ్వారు. నాన్నకి కోపం వచ్చినా చేతులు కట్టుకునే అన్నాడు. "పిలవలేం బాబూ. మీరే పోయి కలవాలి."

తుపాకీ మడమ నాన్న కుడిభుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కిందపడ్డాక కూడా మళ్ళీ అదే భుజం మీద, ఇంకా రెండుసార్లు కొట్టారు. అమ్మ అడ్డం పడబోతే జుట్టు పట్టి ఈడ్చి అవతల పారేశారు. నేను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఒక జవాను నా చెంప పగలగొట్టాడు. దవడపన్ను ఒకటి ఊడి చేతిలోకొచ్చింది. పచ్చి వరి వాళ్ళకీ పనికిరాదు కనక, ఎండాక వస్తామని చెప్పి దిగిపోయారు.

పండగ కావడి ముప్ఫయ్యేళ్ళుగా మోసిన భుజం అది. మా కావడికి నారతాళ్ళతో పనలు వేలాడతాయి. అడుగు వేసినప్పుడల్లా తాడు వెదురుని ఒరుసుకుని కిర్రు కిర్రుమని కొండంతా వినబడేట్టు పాడుతుంది. ఎవరి కావడి గట్టిగా పాడితే వాడు మొనగాడు. కావడి పాడని ఏడు లేదు మాకు.

ఆ సాయంత్రం నాన్న చాప మీద పడుకుని నా తమ్ముడు అర్సాద్‌ని పిలిచాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు.

"ఈ ఏడు నువ్వు ఎత్తుకోరా."

"నా కావడి నీదానంత పాడదు నాన్నా."

"తాడుకి కిరసనాయిలు రాయి. గాడిదలు కూడా పాడతాయి."

భుజం విరిగినవాడు, పన్ను ఊడినది, నెత్తి బొప్పి కట్టినది, మేం ముగ్గురం నవ్వాం. అర్సాద్ కిరసనాయిలు బుడ్డి వెతకడానికి వెళ్ళాడు.

పండగ ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా మదారి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు, దొరలా.

ఆ రోజు పైమళ్ళలో మిగిలిపోయిన వెన్నుల కడపటి కోత, అది గాదెకెక్కేది కాదు, రోజు తిండికి. మగవాళ్ళు అక్కడ గడ్డి కట్టలు కడుతున్నారు. ఆడవాళ్ళం అన్నాలకని ముందు దిగి, మా వాకిట్లో దోనెలాంటి పొడుగు రోటి దగ్గర ఆ పూటకి వడ్లు దంచుతున్నాం. రోటికి అటూ ఇటూ ఏడుగురం, ఏడు రోకళ్ళు. నాన్న అరుగు మీద పడుకున్నాడు. అర్సాద్ దండేల దగ్గర కాపలా.

ఆరుగురు వచ్చారు. నాలుగు తుపాకులు. అర్సాద్‌ని వెనక్కి చేతులు విరిచి రోటి దగ్గరికి తోసుకొచ్చారు.

"దంచండి, దంచండి. ఆపారేం?" అన్నాడు మదారి. మనిషి చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. "అత్తా, బాగున్నావా? మావకేమైంది?"

"సైన్యం కొట్టింది," అంది అమ్మ.

"అయ్యో. మేం కొట్టే పని తగ్గించారు." నా వైపు తిరిగాడు. "ఏమే, మూతి వాచిందేం? మాట తగ్గిందా?"

"నీ పాడె లేచినప్పుడు తగ్గుతుంది."

"తగ్గలేదు," అన్నాడు తనవాళ్ళతో, మురిసిపోతున్నట్టు.

తీరం నుంచి వచ్చిన కుర్రాడొకడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "అన్నా, వీళ్ళ కొప్పుల్లో కత్తులున్నాయి. లాగెయ్యనా?"

"వదిలెయ్‌రా, నీకు తెలీదు. అవి వరిని తప్ప దేన్నీ ముట్టుకోవు. వీళ్ళ పీకలు కోసినా సరే, ఆ కత్తి తియ్యరు." నన్ను చూసి అడిగాడు. "అవునా కాదా?"

వాడన్నది నిజమే. అప్పటికి మా ఊళ్ళో ఏ ఆడదానికీ ఆ ఆలోచన కల్లోకి కూడా రాలేదు.

"నాకు పనలు అక్కర్లేదు అత్తా," అన్నాడు మదారి. "ప్రతి ఏడూ దిగొచ్చి అడుక్కోవడం, మీరు లెక్క తగ్గించడం, నేను తగలబెట్టడం... విసుగ్గా ఉంది. తల్లిపన ఇచ్చెయ్. నా దగ్గరుంటుంది, భద్రంగా. విత్తులప్పుడు గింజలు నా దగ్గరికొచ్చి తీసుకోండి. నాకూ నావాళ్ళకీ తిండి పెట్టినన్నాళ్ళు మీరూ నాటుకుంటారు."

వాడు మా ఊరివాడు కాబట్టే ఊరి పీక ఎక్కడుందో వాడికి తెలుసు.

అర్సాద్ వాడి మొహాన ఉమ్మేశాడు. మదారి తాపీగా తుడుచుకున్నాడు. "బామ్మర్దీ, చెయ్యి ఇలా పెట్టు," అన్నాడు. ఇద్దరు పట్టుకుని అర్సాద్ ఎడమచేతిని రోటి అంచు మీద ఆనించారు. మచ్చుకత్తి లేచింది, దిగింది. రెండు వేళ్ళు బియ్యంలో పడ్డాయి. అర్సాద్ అరుపుకి దండేల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. నాన్న అరుగు మీంచి లేవబోయి బోర్లాపడ్డాడు.

"ఇంకా ఎనిమిదున్నాయి," అన్నాడు మదారి. "తరవాత మావ భుజం ఉంది. తొందరేం లేదు నాకు."

"ఇచ్చెయ్యవే సర్మీ," అంది అమ్మ. "ఇచ్చెయ్. బిడ్డ పోతాడు."

నేను లోపలికెళ్ళాను. తల్లిపన బియ్యపుగదిలో తెల్లబట్ట మీద ఉంది. పొత్తిళ్ళలో బిడ్డని ఎత్తినట్టు ఎత్తుకొచ్చాను.

ఇక్కడ జరిగింది మా ఊళ్ళోనే జరుగుతుంది, వేరే ఎక్కడా జరగదు. ఎన్ని పల్లెలు తగలబెట్టినా మదారి పొహాచి తల్లి బిడ్డే. తల్లిపనని ఒంటిచేత్తో అందుకోవడం వాడి వల్ల కాలేదు. మచ్చుకత్తి రోటి మీద పెట్టేశాడు. రెండు చేతులూ చాపాడు, తల వంచాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పినట్టే వంచాడు.

పన వాడి చేతుల్లో పెట్టాను. వాడి మెడ కనబడింది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. రెండేళ్ళు నేను నూనె రాసిన మెడ అది. నా చెయ్యి కొప్పులోకి వెళ్ళింది. వెన్ను కోసినట్టే కోశాను.

వాడు తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నమ్మలేకపోయాడు, అంతే. పన కింద పడనివ్వకుండా గుండెలకి అదుముకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాడి రక్తం దాని మీదే కారింది.

తర్వాతది ఎంతసేపో నాకు తెలీదు. అర్సాద్ కుడిచేత్తో మచ్చుకత్తి అందుకున్నాడు. ఒనీ పిన్ని రోకలి ఎత్తి పక్కవాడి నెత్తిన వేసింది. ఆరు రోకళ్ళూ లేచాయి. మనిషి తల కొబ్బరికాయంత గట్టిది కాదని ఆ రోజు తెలిసింది నాకు. ఇద్దరు రోటి పక్కనే పోయారు. తక్కిన ముగ్గురూ పరిగెత్తారు. పరిగెడుతూనే తీరం కుర్రాడు వెనక్కి తిరిగి ఒక్క గుండు పేల్చాడు.

అది అర్సాద్ కడుపులో దిగింది. పొద్దు వాలేదాకా బతికాడు. "తాడుకి కిరసనాయిలు రాశానక్కా," అన్నాడు ఒకసారి. అదే ఆఖరి మాట.

మర్నాడు సార్జెంటు వచ్చాడు. మదారి శవాన్ని కాలితో తిప్పి చూసి నా భుజం తట్టాడు. "శభాష్, నీలాంటిది ఊరికొకతె ఉంటే చాలు." వాడి చేతిని విదిలించి కొట్టాను. ఆ చెయ్యే కదా నాన్న భుజం విరగ్గొట్టించింది. ఎందుకో తిరిగి కొట్టకుండా వెళ్ళిపోయాడు. నన్ను చూసి వాడు భయపడ్డాడని తర్వాత అర్థమైంది. ఊళ్ళోవాళ్ళూ భయపడుతున్నారని మరీ ఆలస్యంగా అర్థమైంది. ఒనీ పిన్ని ఒకతే ఎప్పట్లాగా వచ్చి వంటింట్లో కూర్చునేది, అదీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మాటా పలుకూ లేకుండా.

అర్సాద్ ఏడోరోజు ప్రార్థనలు అయిన సాయంత్రం అబా మా ఇంటికొచ్చాడు. అబా అంటే మా ఊరి పెద్ద. వానెప్పుడో, కోతెప్పుడో, పండగెప్పుడో ఆయన చెప్పాల్సిందే. కాఫీ ఇస్తే తాగలేదు.

"సర్మీ, నీ చెయ్యి ఊరిని నిలబెట్టింది. కాదనను. కానీ ఆ ఇనుము తల్లిది. దానికి మనిషి నెత్తురు తగిలించావు. ఇక నువ్వు వరి కొయ్యకూడదు, దంచకూడదు, గాదె మెట్టు ఎక్కకూడదు. పండగనాడు వాకిట్లోకి రాకూడదు."

"ఎన్నాళ్ళు?"

ఆయన కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు.

"ఎన్నాళ్ళు అబా? చచ్చేదాకానా?"

"నా ఇష్టం కాదమ్మా ఇది."

"మరి రోకళ్ళో? ఇద్దర్ని దంచేశాయి. ఎల్లుండి అవే రోకళ్ళతో పండగ బియ్యం దంచరా?"

"రోకలి కర్ర. కొట్టడానికే పుట్టింది."

"బాగుంది న్యాయం! మీరంతా పైమళ్ళలో గడ్డి కట్టుకుంటుంటే నేనేం చెయ్యాలి? పన వాడికిచ్చి, నా తమ్ముడి ఎనిమిది వేళ్ళూ ఏరుకుంటూ కూచోవాలా? ఏడాదికోసారి వాడి కాళ్ళు పట్టుకుని గింజలు అడుక్కునేవాళ్ళు మీరు. మీరే అడుక్కునేవాళ్ళు, అబా! ఇప్పుడు నా చెయ్యి మైలైందా మీకు?"

"సర్మీ," అన్నాడు నాన్న.

నేను ఆపలేదు. అబా అన్నీ విన్నాడు. ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మాట మార్చలేదు. పనని కొబ్బరినీళ్ళతో కడిగించమన్నాడు. ఏడాదికి తల్లిపన ఒక్కటే, దానికి మారు లేదు. ఎల్లుండి అమ్మే మొయ్యాలన్నాడు.

"నాకు మెట్లు కనబడవు అబా," అంది అమ్మ.

"తల్లి చూపిస్తుంది."

అమ్మ కొబ్బరికాయలు కొట్టడానికి లేచింది. కడిగాక కూడా పన మీద గోధుమరంగు మరక అరచెయ్యంత ఉండిపోయింది.

పండగనాటి పొద్దున అమ్మ తెల్లచీర కట్టుకుంటూ అడిగింది. "ఎక్కడ నిలబడతావు?"

"వాకిట్లోకి రావద్దన్నారుగా."

"వాకిలి బయట ఎక్కడ నిలబడతావే అంటున్నాను."

"గాదెకెళ్ళే దారిలో, జామచెట్టు కింద. ఏం?"

"అక్కణ్ణించి కదలకు. తల స్నానం చెయ్. కొప్పు బిగించి కట్టుకో."

అప్పటికి నాకు ఎందుకని అడగడం మీద కూడా విరక్తి పుట్టింది.

కావళ్ళు కొండ మీంచి దిగుతుంటే ముందు వినబడ్డాయి, తర్వాత కనబడ్డాయి. ముప్ఫై కావళ్ళు ఒక్కసారి పాడుతుంటే మాట వినబడదు. వరసలో ముందున్నది మా నాన్న. విరిగిన భుజానికి గుడ్డకట్టు, ఎడమభుజం మీద అర్సాద్ కావడి. పళ్ళు బిగబట్టి నడుస్తున్నాడు. వాడు కిరసనాయిలు పట్టించిన తాడు గట్టిగా పాడింది, అన్నిటికన్నా గట్టిగా పాడింది. నేను జామకొమ్మ పట్టుకుని ఏడ్చాను.

అప్పుడు అబా చెయ్యెత్తాడు. కావళ్ళు ఆగాయి, డప్పులు ఆగాయి. చంటిపిల్లల నోట్లో రొమ్ము పెట్టారు. అమ్మ తల్లిపన ఎత్తుకుని మా ఇంట్లోంచి బయటికొచ్చింది.

మూడొందలమంది, ఒక్క చప్పుడు లేదు. అమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ, కాలితో నేలని తడుముకుంటూ వచ్చింది. వాకిలి దాటింది. గాదెవైపు తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా జామచెట్టు దగ్గరికొచ్చి నా ముందు నిలబడింది. నేను కనబడ్డానో లేదో, నా ఊపిరి చప్పుడు పట్టుకునే వచ్చిందో. రెండు చేతులూ ముందుకు చాపింది.

అబా పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఎలా వస్తుంది? పన చేతికొచ్చాక మాట్లాడితే ఆ ఏడు తల్లి వెళ్ళిపోతుంది. ఆపాలంటే మాట్లాడాలి, మాట్లాడితే వరి పోతుంది. మూడొందలమంది నోళ్ళు మూసుకుని నా చేతుల వైపు చూస్తున్నారు.

రెండు చేతులూ చాపాను. తల వంచాను. అలాగే కదా వంచాలి. ఎండ మెడమీద పడింది. అమ్మ కొప్పులో గుప్పిటకత్తి ఉంది. వాడు ఎలా నమ్మాడో, తల వంచి ఎంత నమ్మాడో అప్పుడు తెలిసింది నాకు. మదారి చచ్చాక వాడి కోసం నేను ఏడ్చింది ఆ ఒక్క క్షణమే. పన నా చేతుల్లోకి వచ్చింది. చంటిబిడ్డంత బరువు.

నడిచాను. దారి ఇచ్చారు. కొందరు తలలు తిప్పుకున్నారు, ఒనీ పిన్ని తిప్పుకోలేదు. నిచ్చెన ఏడు మెట్లు. లోపల చీకటి, కిందటేటి వడ్ల వాసన. మరక ఉన్న పక్క పైకి కనబడేట్టే పెట్టాను. దాచలేదు. దిగొచ్చి తలుపు వేశాను.

తలుపు చప్పుడైంది. ఇక మాట్లాడొచ్చు. ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ అబా వైపు చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను, నాలుక మీద తిట్లు సిద్ధంగా పెట్టుకుని.

అబా కర్ర ఊతంగా నా దగ్గరికొచ్చాడు. గాదె తలుపు వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"గడియ సరిగ్గా పడిందా అమ్మా?" అన్నాడు.

"పడింది అబా," అన్నాను.